గుమ్మళ్ళపాడులో పతన నిరోధక శాఖ మకాం

గుమ్మళ్ళపాడు తిరునాళ్ళలో పద్యనాటకం ఆడటం మొదలైన దగ్గర్నుంచీ రాజు వేషం పెద్ద రత్తయ్యదే. ఆయన రాగం అందుకున్నాడంటే, ముందు వరసలో కూర్చున్నవాళ్ళు ఇంటికెళ్ళి, అన్నం తిని, తాంబూలం వేసుకుని, దారిలో ఎవరితోనో తగువు కూడా పెట్టుకుని తిరిగొచ్చేసరికి ఇంకా ఆ రాగంలోనే ఉండేవాడు. ఒక ఏడు ఆయన రాగం ఆపేలోపు పక్కూళ్ళో ఎన్నికలు జరిగిపోయి ఫలితాలు కూడా వచ్చేశాయని చెప్పుకుంటారు. అందులో కొంత అబద్ధం ఉంది. ఫలితాలు మర్నాడు వచ్చాయి.

ఆ రాజుకు మంత్రి కాఫీ హోటలు కోటిలింగం. నాటకం మొత్తంలో మంత్రికి ఉన్నది ఒకే మాట: "చిత్తం మహాప్రభూ." పద్యం లేదు. రాజు రాగం తీస్తున్నంతసేపూ చేతులు కట్టుకుని నిలబడటమే మంత్రి నటన. జుట్టు నల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టిన ఆ నిలబడటం అది నెరిసేదాకా సాగింది. రాజు పద్యాలన్నీ కోటిలింగానికి నోటికి వచ్చు. పిండి రుబ్బుతూ పాడేవాడు, సాంబారు కలుపుతూ పాడేవాడు. ఆయన పైస్థాయి అందుకుంటే పొయ్యి వెలిగించకుండానే పాలు పొంగేవి.

ఈ ఏడు దేవుడు కళ్ళు తెరిచాడు. రత్తయ్య పళ్ళు ఊడిపోయాయి. కట్టుడు పళ్ళు పెట్టించుకుంటే, రిహార్సల్లో రాగం పైకి వెళ్ళగానే పళ్ళ సెట్టు ఎగిరి తబలా మీద పడింది. అది తాళంలోనే పడిందని తబలా ఆయన మెచ్చుకున్నాడు కూడా. అయినా నాటక సమాజం వాళ్ళు ఆలోచించి, కిరీటం తెచ్చి కోటిలింగం నెత్తిన పెట్టారు. ఆయన దాన్ని గల్లాపెట్టె పక్కన ఉంచుకుని, హోటల్లో ఎవరూ లేనప్పుడు పెట్టుకుని అద్దంలో చూసుకునేవాడు. జనం ఉన్నప్పుడు అద్దం చూసుకోకుండా పెట్టుకునేవాడు.

ఇక ఆయన బతుకులో మిగిలిన చీకాకల్లా బావమరిది శేషఫణి. పట్నంలో బొమ్మల కాలేజీలో చదువుకొచ్చాడు. అక్క పేరిందేవి అడిగిందని హోటలు గోడకు బొమ్మ వేశాడు. తెల్లటి గోడ మీద మూడు నీలం గీతలు, పక్కన ఒక ఎర్ర చుక్క.

"ఇదేందిరా?" అన్నాడు కోటిలింగం.

"ఆకలి, బావా."

"యాడుందిరా ఆకలి?"

"చూస్తా ఉంటే తెలుస్తది."

కోటిలింగం స్టూలు వేసుకుని మధ్యాహ్నం దాకా చూశాడు. "నాకేమో ఉన్న ఆకలి కూడా చచ్చిపోయిందిరా. హోటలు గోడ మీద ఆకలి చంపే బొమ్మ వేస్తే ఇడ్లీలు ఎవడు తింటాడ్రా?"

శేషఫణి కవితలు కూడా రాసేవాడు. కొత్తగా రాసింది బావకు చదివి వినిపించాడు. "రోడ్డు. నేను. మధ్యలో గేదె."

"మిగతాది?"

"అంతే బావా. మిగతాది చదివేవాడు ఊహించుకోవాల."

"వాడే ఊహించుకుంటే మధ్యలో నువ్వెందుకురా?"

"మధ్యలో నేను కాదు బావా, గేదె."

దాంతో కోటిలింగానికి ఓపిక నశించింది. తిరునాళ్ళ కమిటీ మీటింగులో మైకు లాక్కుని, వానలు పడకపోవటానికీ, కోడళ్ళు అత్తల మాట వినకపోవటానికీ, ఊళ్ళో పెసరట్టు రోజురోజుకీ పల్చబడటానికీ కారణం ఈ గీతల బొమ్మలు, ఈ ముక్కల కవితలేనని చెప్పాడు. పెసరట్లు పోసేది తనేనన్న సంగతి ఆ ఉద్రేకంలో గుర్తుకు రాలేదు. ఆ మాటలు పేపర్లో పడ్డాయి. పడటం పడటం వెళ్ళి, రాజధానిలో కొత్తగా పెట్టిన కళాసాహిత్య పతన నిరోధక శాఖ వారి కళ్ళబడ్డాయి. పతనం గురించి వాపోయేవాళ్ళే గాని, ఇదుగో నా ఇంటి గోడ మీదే ఉందని చూపించిన వాడు అప్పటిదాకా ఆ శాఖకు దొరకలేదు. వారం తిరక్కుండా హోటలు ముందు జీపు ఆగింది.

దిగినాయన ఉపసంచాలకులు భానుశంకరం గారు. పంచె, కోటు, మెడలో తాడుకు వేలాడే కళ్ళద్దాలు. నవ్వితే నవ్వు కూడా సంధి కలిసి వచ్చేది. హోటలు మేడ మీది గదిలో మకాం పెట్టి, ఊరి జనాన్ని పిలిచి చెప్పారు.

"పతనమనునది ఎచ్చట ప్రారంభమయ్యెనో కనుగొనవలెను. కళను అంతకుముందరి స్థానమునకు నడిపించుకొనిపోయి అచ్చట నిలబెట్టవలెను. అందులకు మా శాఖ యొక్క సూత్రము మిక్కిలి సులభము. ఏ కళనైనను, అది పుట్టిన కాలమున బ్రతికియున్న పెద్దమనిషి ఒక్కడైనను 'చెడిపోయింది' అని తిట్టినట్లు సాక్ష్యము దొరికినచో అది పతనము. ఎవ్వరును తిట్టని చోట మనము ఆగెదము."

"చిత్తం మహాప్రభూ" అన్నాడు కోటిలింగం, అలవాటు కొద్దీ.

మొదటి సాక్ష్యం ఆయనదే. ఆ మధ్యాహ్నమే ఆకలి మీద సున్నం పడింది. గేదె కవిత మీద కూడా సున్నం కొట్టాలన్నారు గాని, అది కాగితం కాబట్టి గేదెతోనే తినిపించారు. కోటిలింగం చొక్కాకు 'ప్రథమ పతన సాక్షి' అని ఇత్తడి పతకం గుచ్చారు. ఆయన కిరీటమూ పతకమూ కలిపి పెట్టుకుని కాఫీ కలుపుతుంటే, చూడటానికి పక్కూళ్ళ నుంచి జనం బళ్ళు కట్టుకొచ్చారు.

శేషఫణి ఏడవలేదు. "బావా, సున్నం సమంగా పడలేదు. ఆ మూల ఇంకో పూత వెయ్యమను" అని మాత్రం అన్నాడు.

ఇక సాక్షులు వరస కట్టారు. గుమ్మళ్ళపాడులో ఎవరి నాన్న దేన్ని తిట్టాడో జ్ఞాపకం లేనివాళ్ళు లేరు. ఆటోల వెనక రాసిన కవిత్వం ఒక పూటలో పోయింది. తర్వాత సినిమా పాటల వంతు వచ్చింది.

"మా నాయన రేడియో పగలగొట్టాడండీ" అన్నాడు టైలరు మస్తాను.

"ఏ పాటకు?" అన్నారు భానుశంకరం గారు.

"ఏ పాటకైనా పగలగొట్టేవాడండీ."

"సాధు, సాధు! సమగ్ర సాక్ష్యము."

పాటలు లేకపోయేసరికి పెళ్ళిళ్ళలో బ్యాండు వాళ్ళు వట్టి డోలు మాత్రం వాయించారు. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు కోర్టుకు నడుస్తున్నట్టు నడిచారు. రంగుల ముగ్గుల్ని చుక్కల ముగ్గులేసిన వాళ్ళు తిట్టారని తుడిచేశారు, చుక్కల ముగ్గుల్ని మెలికల ముగ్గులేసిన వాళ్ళు తిట్టారని తుడిచేశారు. నవలలు చదివితే ఇల్లు గుల్లవుతుందని తమ తాతలు అన్నట్టు ఊరు ఊరంతా వచ్చి చెప్పటంతో లైబ్రరీ ఖాళీ అయింది. బీరువాలో రైళ్ళ టైము పుస్తకం ఒక్కటే మిగిలింది.

"దీనిని ఎవరైనను తిట్టియున్నారా?" అని అడిగారు భానుశంకరం గారు.

"తిట్టనివాడెవడండీ!" అన్నాడు స్టేషను దగ్గర సోడాల బండివాడు. అదీ పోయింది.

కోటిలింగానికి అంతా ఆనందంగానే ఉంది. సాక్షులు ఎక్కువయ్యేకొద్దీ ఇడ్లీలు చెల్లిపోతున్నాయి. తిరునాళ్ళు దగ్గరపడుతున్నాయి. ఇవన్నీ పోగా పద్యనాటకం ఒక్కటే నిలుస్తుందని, ఈ ఏడు జనమంతా దానికే వస్తారని లెక్క వేసుకున్నాడు. అద్దంలో చూసుకుంటూ కొత్త ఠీవి అభ్యాసం చేస్తున్న సమయంలో పెద్ద రత్తయ్య మేడ మెట్లెక్కడం కనిపించింది. ముసలాయన వేషం పోయిన బాధలో ఇల్లు కదిలి చాలా రోజులైంది. కోటిలింగం వెనకాలే ఎక్కాడు.

రత్తయ్య పళ్ళ సెట్టు తీసి తువ్వాల్లో మూటకట్టి, కూర్చున్నాడు.

"మా తాత యక్షగానం ఆడేవోడండి. ఈ పద్యనాటకం కొత్తగా వచ్చినప్పుడు చూడబోయాడు. హార్మనీ పెట్టె చూశాడు. 'కొలిమి తిత్తికి మెట్లు పెట్టి సంగీతమంటారేందిరా, నాటకం నాశనమైపోయింది' అని అక్కడికక్కడే లేచి కాశీ పోయాడండి."

"తిరిగి వచ్చెనా?"

"రాలేదండి."

"అత్యంత పటిష్ఠమైన సాక్ష్యము" అన్నారు భానుశంకరం గారు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

కోటిలింగం కాళ్ళ కింద మేడ కదిలినట్టయింది. "రత్తయ్య మామా! నువ్వు జీవితమంతా ఆడిన నాటకం గదా!"

"నేనాడినంత కాలం బాగానే ఉందిరా. నువ్వాడతానన్న కాణ్ణుంచి మా తాత కల్లోకొస్తన్నాడు."

"అయ్యా!" అని అధికారి వైపు తిరిగాడు కోటిలింగం. "పతనం ఉందని చెప్పిందే నేను గదండీ."

"అందులకే మీకు పతకము."

"పతనం మా బావమరిదిదండీ! నాది కాదు!"

"పతనమునకు బావ అనియు బావమరిది అనియు భేదము లేదు."

హార్మోనియాన్ని తడి గోనెలో చుట్టి సీలు వేస్తుంటే అది ఊరి చివరిదాకా వినిపించేలా మూలిగింది. కిరీటాన్ని పెట్టెలో పెట్టి మేకులు కొట్టారు. కోటిలింగం నోటివెంట ఈసారి 'చిత్తం' రాలేదు. ఇంటికెళ్ళి ముసుగు తన్ని పడుకున్నాడు. పేరిందేవి పెసరట్టు పెడితే ముట్టలేదు. ఒట్టు, అది పల్చగా ఉందని కాదు.

శాఖ మాత్రం ఆగలేదు. రత్తయ్య తాత ఆడిన యక్షగానాన్ని ఆ తాతగారి తండ్రి తిట్టేవాడని తేలి అదీ పోయింది. అప్పుడు రత్తయ్య కూడా ముసుగు తన్నాడు. తోలుబొమ్మలు పోయాయి. ఊళ్ళో అందరిలోకీ పెద్దదైన నాంచారమ్మ అవ్వ, 'నా కోడలి జోలపాట వింటే నిద్రపోయే బిడ్డ కూడా లేస్తది, నా పాటని మా అత్తా అట్టాగే అనేది' అని మాటవరసకు అన్న పాపానికి జోలపాటలు కూడా పోయాయి. ఊళ్ళో పసిపిల్లలంతా ఒకేసారి ఏడుపు అందుకున్నారు. ఆ ఏడుపుకి కాకులు ఊరు ఖాళీ చేసి పోయాయి. భానుశంకరం గారి కళ్ళు నిద్రలేక వంకాయల్లా ఉబ్బాయి. అయినా వెనక్కి తగ్గే మనిషి కాదు.

చివరికి ఊరి బయట బోడికొండ గుహలో ఆగారు. అక్కడ రాతి మీద ఏనాడో ఎవరో వేసిన బొమ్మ ఉంది. కొన్ని గీతలు, ఒక చుక్క. దాన్ని తిట్టినవాడు ఉంటే ఉండొచ్చుగాని, సాక్ష్యం చెప్పటానికి ఎవరూ మిగల్లేదు.

"ఇదియే! ఇదియే నిర్దుష్ట కళ!" అని భానుశంకరం గారు గుహలో సాష్టాంగపడ్డారు. "దీనిని ప్రజల కండ్ల యెదుట వ్రాయించవలెను. బొమ్మ వ్రాయ నేర్చినవాడెవడు ఈ ఊరిలో?"

ఉన్నది ఒక్కడే. శేషఫణి కుంచె పట్టుకొచ్చి, సున్నం కొట్టిన హోటలు గోడ మీద మూడు నీలం గీతలు గీసి, పక్కన ఎర్ర చుక్క పెట్టాడు. భానుశంకరం గారికి కన్నీళ్ళు ఆగలేదు.

"ఆహా! ఏమి స్వచ్ఛత! ఆదిమానవుని అంతరంగము!"

కోటిలింగం ముసుగు తీసి వచ్చాడు. "అయ్యా, మొన్న సున్నం కొట్టించింది దీనికేగా?"

"అది ఆధునికము. ఇది ప్రాచీనము. మీకు కండ్లు లేవా?"

శేషఫణికి శాలువా కప్పి 'ఆదిమ కళాచార్య' అన్నారు. అతను శాలువా తీసి బావ భుజాన వేశాడు. "బావా, నాకు నవ్వొస్తంది. నవ్వితే నువ్వు ఏడుస్తావని ఆపుకుంటన్నా. నీ పద్యం లేకపోతే ఈ హోటల్లో సాంబారు కూడా ఉడికి చావట్లా."

తిరునాళ్ళు రేపనగా శాఖ వారు మైకు కట్టి జోలపాటల మీద ఉత్తర్వు చదివించారు. "బహువిధ వికృతి పరంపరా దూషితములైన ఈ డోలికాగీతములు..." అంటూ మొదలై, ఊపిరి తీసుకోకుండా సాగింది. నాంచారమ్మ అవ్వ హోటలు అరుగు మీద కూర్చుని, ఇడ్లీ సాంబారులో నానబెట్టుకుని తింటూ విన్నది.

"ఏందిరా కోటిగా అది? మంత్రమా?"

"తిట్టు, అవ్వా. జోలపాటల్ని తిడతన్నారు."

"ఇదీ ఒక తిట్టేనా!" అవ్వ ఇడ్లీ పక్కన పెట్టింది. "మా అత్త ఒక పాటని తిట్టిందంటే పాడినది నోరు మూసుకుని పుట్టింటికి పోయేది. చెట్టు మీద కాయలు రాలేయి. ఈ కాలపోళ్ళకి తిట్టటం కూడా రాకుండా పోయింది. మరీ చెడిపోయార్రా."

పేరిందేవి మొగుణ్ణి చూసింది. మొగుడు పెళ్ళాన్ని చూశాడు.

"ఏమయ్యా," అంది పేరిందేవి, "ఆ ఆఫీసరు రాసేదాన్ని ఏమంటారు?"

కోటిలింగం చట్నీ గరిటె కింద పడేసి, అవ్వను కుర్చీతో సహా ఎత్తుకుని మేడ మెట్లెక్కాడు. అవ్వ చేతిలో ఇడ్లీ గిన్నె అట్లాగే ఉంది.

"అయ్యా, ఈ ఉత్తర్వు ఎవరు రాశారండీ?"

"నేనే" అన్నారు భానుశంకరం గారు. ఉబ్బిన కళ్ళలో కూడా ఒక వెలుగు కనిపించింది. "ఉత్తర్వనుకొనుచున్నారా? కాదు! గద్యకావ్యము. ఇందులోని ప్రతి సమాసమును కన్నబిడ్డవలె పెంచితిని."

"అంటే సాహిత్యమేగా?"

"సందేహమా!"

"ఎప్పుడు పుట్టిందండీ?"

"ఈ ఉదయముననే."

"మరి ఈ అవ్వ ఈ ఉదయం బతికే ఉందిగదండీ. పెద్దమనిషేగా?"

"ఈ ఊరిలో అంతకుమించిన పెద్ద లేరు."

"చెప్పవ్వా."

అవ్వ చెప్పింది. కింద చెప్పినదానికంటే ఇంకాస్త ఎక్కువే చెప్పింది. భానుశంకరం గారి మొహం ఆ గోడ మీది సున్నంలా అయింది.

"ఆ చివరి వాక్యము... అది కూడనా?" అని మెల్లగా అడిగారు.

"చివరిది మరీనయ్యా. కాన్పు కష్టమైన బర్రె మూలిగినట్టుంది."

"దీనికి ముందరి నా ఉత్తర్వులు ఎట్లున్నవి?"

"మొదటి రోజు నుంచీ వింటన్నా. అన్నీ అంతే."

ఆయన చాలాసేపు కిటికీలోంచి చూశారు. కింద పిల్లల ఏడుపు వినిపిస్తోంది. కోటిలింగం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ విద్యలో ఆయనకు సాటి లేదుగదా. ఇంకో అధికారైతే అవ్వకు చెవుడనో, మతి లేదనో తప్పించుకునేవాడు. భానుశంకరం గారికి సూత్రమంటే ప్రాణం.

"సాక్ష్యము పటిష్ఠముగా ఉన్నది" అన్నారు చివరికి. "నా ఉత్తర్వులు పతనము. పతనమును నిరోధించుట నా విధి. కావున నా ఉత్తర్వులను నేనే నిరోధించుచున్నాను. ఉత్తర్వులు లేని శాఖ శాఖ కాదు. కావున శాఖ కూడా..." ఆ వాక్యం ఆయన పూర్తి చెయ్యలేకపోయారు. అవ్వ తన ఇడ్లీ గిన్నె ఆయన ముందుకు జరిపింది.

మేకులు పీకారు, సీళ్ళు ఊడదీశారు. బందీగా ఉన్నవన్నీ ఒక్కసారి బయటపడేసరికి గుమ్మళ్ళపాడు చెవులు గింగిర్లెత్తాయి. రేడియోలు, బ్యాండు మేళం, జోలపాటలు, ఆటోలు అన్నీ కలిసి మోగాయి. పసిపిల్లలు ఆ గోలలో హాయిగా నిద్రపోయారు. ఎగిరిపోయిన కాకులు ఏదో విందు అనుకుని చుట్టాలతో సహా తిరిగొచ్చాయి. భానుశంకరం గారికి శాఖ లేదు కాబట్టి జీపు ఆయన్ని ఎక్కించుకోకుండానే వెళ్ళిపోయింది.

తిరునాళ్ళ నాడు పొద్దుగూకుతుండగా తెర లేచింది. కోటిలింగం కిరీటం పెట్టుకుని సింహాసనం ముందు నిలబడ్డాడు. ఎదురుగా ఇసక వేస్తే రాలనంత జనం. ఇన్నేళ్ళుగా నోటికి వచ్చిన పద్యం ఎక్కడికో పోయింది. పక్కన మంత్రి వేషంలో ఉన్న రత్తయ్య, పళ్ళ సెట్టు పిడికిట్లో పట్టుకుని, పెదవి కదపకుండా అన్నాడు: "మొదలెట్టరా సచ్చినోడా. మా తాత కాశీలోనే ఉన్నాడు, వినపడదులే."

కోటిలింగం అందుకున్నాడు. రాగం పందిరి దాటింది, రథం దాటింది, బోడికొండకు తగిలి రెండింతలై తిరిగొచ్చింది. అంగట్లో పాలన్నీ పొంగాయి. శేషఫణి చప్పట్లు కొట్టటం మరిచిపోయి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. పద్యం ముగిసి, హార్మోనియం ఇంకా ఊగుతుండగానే, పేరిందేవి ఆత్రం పట్టలేక పక్కన చాప మీద కూర్చున్న భానుశంకరం గారిని అడిగింది.

"ఎట్టా ఉందండీ ఆయన పాట?"

భానుశంకరం గారి కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఏమి చెప్పమందువమ్మా! మా తండ్రిగారి కాలమున రాజులు ఇట్లు పాడెడివారా? శ్రుతి నిలువలేదు. రాగము కట్టు తప్పినది. ఘోరము! పతనమునకు పరాకాష్ఠ!" అని తువ్వాలుతో కళ్ళొత్తుకుని, ఆ తువ్వాలునే తలపైకెత్తి గిరగిరా తిప్పుతూ చాప మీంచి లేచి నిలబడి, గొంతు చించుకుని అరిచారు.

"వన్స్ మోర్!"